బురదలో దిగబడిన చక్రము

వానలు వెలిసిన పది దినముల తరువాత కొల్లేటి ఒడ్డున నేల ఆరినట్లే కనిపించును. పైపొర గట్టిపడి, అక్కడక్కడ నెరియలు విచ్చి ఉండును. పక్షులను చూచుటకై గుడారము, వంటసామాను వేసికొని జీపులో బయలుదేరినవారు ఆ నేలను నమ్మి, రోడ్డు దిగి, గట్టువెంట నాలుగు ఫర్లాంగులు పోవుటకు సాహసింతురు. ఇంతలో వెనుక చక్రము ఒకటి దిగబడును. డ్రైవరు యాక్సిలరేటరు గట్టిగా తొక్కును. చక్రము గిరగిర తిరుగును, బండి కదలదు, గొయ్యి మాత్రము లోతగుచు, చివరకు ఇరుసు నేలను తాకును. ప్రొద్దు గ్రుంకు వేళకు దగ్గరి లంక గ్రామమునుండి నలుగురు మనుష్యులు, ఒక జత దున్నపోతులు వచ్చును. మనుష్యుల పాదములు చీలమండవరకు కూడ దిగవు. దున్నల కాళ్ళు కొంత లోతునకే దిగును గాని, ఆగిపోవు. వారందరు నడచి వచ్చినది ఆ బురదమీదనే.

మనిషిని, దున్నను మోసిన నేల బండిని మాత్రము ఏల మ్రింగినది? ఈ ప్రశ్న చక్రమంత పాతది. సరియైన సమాధానము మాత్రము మానవునికి ఇరువదవ శతాబ్దములో గాని దొరకలేదు. ఆ సమాధానము తెలియనివాడు బండిని పోగొట్టుకొనును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునే పోగొట్టుకొనును.

కొల్లేటి నేల

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ మిగిలిన పల్లపు ప్రదేశమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు దీనిలోనికి నీరు తెచ్చును. ఉప్పుటేరు ఒక్కటే ఆ నీటిని బంగాళాఖాతమునకు చేర్చును. వేగముగా పారు నీరు గులకరాళ్ళను, ఇసుకను త్రోవలోనే విడిచివేయును. నిలిచిన నీటి అడుగునకు చేరునది మిక్కిలి సన్నని ఒండ్రు. అందులోని బంకమట్టి రేణువు మిల్లీమీటరులో 500వ వంతుకంటె చిన్నది. అట్టి రేణువులు పలుచని రేకులవలె ఉండి, నడుమ నీటిని చేర్చుకొని ఉబ్బును. ఎండినపుడు ముడుచుకొని నెరియలు విచ్చును. అందుచేతనే పైపొర రాయివలె ఉండి, జానెడు లోతున వెన్నవలె ఉండుట కొల్లేటి సీమలో సామాన్యము.

ఏలూరు, తాడేపల్లిగూడెములకు ఎగువనున్న మెట్టప్రాంతపు ఎర్రనేలలో ఇట్టి మోసము తక్కువ. ఆ నేలలో ఇసుకపాలు హెచ్చు. ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి ఒరసికొని నిలుచును. పై బరువు పెరిగినకొలది ఆ ఒరపిడియు పెరుగును. తడి బంకమట్టికి ఆ గుణము లేదు. రేణువుల నడుమ చిక్కిన నీరు వెంటనే బయటికి పోలేదు గనుక పై బరువును నీరే మోయవలసి వచ్చును. మట్టి బలము మాత్రము పెరుగదు. కనుక మెట్టలో తోలిన అనుభవముతో కొల్లేటిలో బండి తోలరాదు.

అంకెలలో బురద

మెత్తని పదార్థము ఎంత ఒత్తిడికి లొంగిపోవునో జర్మను శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ ప్రాంట్ల్ 1920లో లెక్కకట్టినాడు. 1925లో కార్ల్ టెర్జాగి మట్టి బలమును గూర్చిన తన గ్రంథమును ప్రకటించినాడు. మృత్తికా యాంత్రిక శాస్త్రమునకు అదే పునాది. వారి లెక్కల సారాంశము ఇది: బంకమట్టిని కత్తిరించి జరుపుటకు ఎంత ఒత్తిడి కావలెనో, దానికి సుమారు అయిదు రెట్లు ఒత్తిడి పైనుండి పడినచో ఆ నేల కూలిపోవును. మిక్కిలి మెత్తని బంకమట్టి కోతబలము చదరపు సెంటీమీటరునకు 0.12 కిలోగ్రాముకంటె తక్కువ. కనుక అట్టి నేల మోయగలది చదరపు సెంటీమీటరునకు 0.6 కిలోగ్రాము లోపే.

ఈ 0.6ను మనసులో ఉంచుకొని దృశ్యమును మరల చూడవచ్చును. 60 కిలోగ్రాముల మనిషి నడుచునపుడు భారమంతయు ఒక పాదముమీద పడును. పాదము వైశాల్యము 150 చదరపు సెంటీమీటర్లనుకొన్నచో ఒత్తిడి 0.4. నేల మోయును. సామానుతో కలిపి 1600 కిలోగ్రాములున్న జీపులో ఒక్కొక్క చక్రముమీద 400 కిలోగ్రాములు పడును. టైరులోని గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 2 కిలోగ్రాములైనచో, టైరు నేలను తాకు మేర సుమారు 200 చదరపు సెంటీమీటర్లు, ఒత్తిడి 2. ఇది నేల శక్తికి మూడు రెట్లకు పైగా ఉన్నది. ఇనుపకమ్మి వేసిన ఎడ్లబండి సంగతి ఇంకను అన్యాయము. రెండు చక్రములమీద 800 కిలోగ్రాములుండి, అయిదు సెంటీమీటర్ల వెడల్పు కమ్మి గట్టినేలను ఆరు సెంటీమీటర్ల పొడవున తాకుచున్నచో, ఒత్తిడి 13కు పైబడును. ఎడ్లబండి నడచిన బాటలో చక్రపు గాడి కత్తితో కోసినట్లుండుటకు కారణము ఇదే.

దున్నపోతు ఒత్తిడియు 0.6కు మించినదే, అందుకే దాని కాలు దిగును. కాని దాని గిట్ట రెండుగా చీలి ఉన్నది. దిగునపుడు రెండు పాయలు విప్పారి ఎక్కువ మేర ఆక్రమించును. పైకి తీయునపుడు దగ్గరకు వచ్చి సన్నమగును. అప్పుడు ప్రక్కనుండి గాలి లోనికి పోవును గనుక బురద పట్టు వదలును. పైగా కాలిని నిలువుగా ఎత్తి ముందు వేయవచ్చును. చక్రము అట్లు చేయలేదు. తాను చేసిన గోతి అంచును తానే ఎడతెగక ఎక్కుచుండవలెను.

చక్రమును మానివేసిన ఉపాయము

లంక గ్రామములవారు ఈ చిక్కును మొదటినుండియు వేరొక విధముగా తప్పించుకొనిరి. వారు నేలమీద బరువు మోపుటయే మానివేసిరి. తాటిమ్రానును తొలిచిన దోనె కొల్లేటి సీమ వాహనము. దాని బరువును, దానిలోని మనిషి బరువును నీరే మోయును. అడుగున బురద ఎంత మెత్తనిదైనను చింతలేదు.

పందొమ్మిదవ శతాబ్దములో ఈ ఉపాయమే డెల్టా అంతటికి వ్యాపించినది. సర్ ఆర్థర్ కాటన్ పూనికతో ధవళేశ్వరమువద్ద గోదావరి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. కాలువలు పొలములకు నీరు పారించుటకే గాక పడవలు నడుచుటకు కూడ పనికివచ్చునట్లు త్రవ్వబడినవి. గోదావరినుండి తాడేపల్లిగూడెము మీదుగా వచ్చు కాలువ, కృష్ణనుండి వచ్చు కాలువ ఏలూరులో కలిసినవి. మన దేశమునకు రైలుకంటె జలమార్గము చౌకయని కాటన్ జీవితాంతము వాదించినాడు. బరువైన పడవను గట్టుమీదినుండి కొద్దిమంది మోకుతో లాగుకొని పోగలిగిరి. అదే సరకును బండ్లమీద వేసినచో వర్షకాలములో నల్లరేగడి బాటలు దాటుట దుర్లభము.

1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిమీద రైలు వంతెన పూర్తియైనది. ఏలూరు, తాడేపల్లిగూడెములమీదుగా మద్రాసుకు, కలకత్తాకు ఎడతెగని మార్గము ఏర్పడినది. తరువాత మోటారు బస్సులు, లారీలు వచ్చినవి. ఇనుపదారిమీద రైలునకు, రాతిబాటమీద లారీకి చిక్కులేదు. బాట దిగినపుడు మాత్రము పాత ప్రశ్న మరల ఎదురైనది.

గాలిని నింపిన చక్రము

ఇరుకైన ఇనుపకమ్మికి బదులు గాలితిత్తిని చక్రమునకు తొడుగవచ్చునని స్కాట్లండు దేశస్థుడు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో పేటెంటు పొందినాడు. లోకము దానిని మరచినది. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల సైకిలుకోసమై ఆ ఉపాయమునే మరల కనిపెట్టినాడు. 1895లో పారిస్-బోర్డో పందెములో మిషెలిన్ సోదరులు గాలి టైర్లు వేసిన మోటారుకారును నడిపిరి. దారి పొడవున టైర్లు పంచరగుచునే యుండెను. అయినను మోటారుకారునకు గాలి టైర్లు తగునని ఆ పందెము చూపినది.

గాలి టైరు కుదుపును తగ్గించుటకే పుట్టినది. దానివలన మరియొక ప్రయోజనము గలదని కొంతకాలమునకు గాని తెలియలేదు. గాలి తగ్గించినచో టైరు చదునై, పొడవుగా పరచుకొని, ఎక్కువ నేలమీద బరువును పంచును. ఒత్తిడిని 2నుండి 1కి దించినచో తాకు మేర 200నుండి 400 చదరపు సెంటీమీటర్లగును. రాల్ఫ్ బాగ్నోల్డ్ అను బ్రిటిషు సైనిక ఇంజనీరు 1920ల చివరను, 1930ల మొదటను సామాన్యమైన ఫోర్డు కార్లతో లిబియా ఇసుక ఎడారిని దాటినాడు. ఆయన సాధనములు చాల చిన్నవి. మెత్తని ఇసుక రాగానే టైర్లలో గాలి తగ్గించుట; చక్రము దిగబడినచో దానిముందు పొడవైన ఉక్కు దోనిరేకులను పరచుట; ఇంజను వేడికి ఆవిరియగు నీటిని ఒక డబ్బాలో పట్టి మరల రేడియేటరులోనికి పంపుట. ఆ పద్ధతులే రెండవ ప్రపంచయుద్ధములో ఎడారిదళమునకు ఉపయోగపడినవి. బాగ్నోల్డ్ ఇసుక కదలికను గూర్చి 1941లో ప్రకటించిన గ్రంథము నేటికిని ప్రమాణముగా ఉన్నది.

ఆ యుద్ధకాలములోనే 1941లో అమెరికాలో జీపు తయారైనది. నాలుగు చక్రములకును ఇంజను శక్తి అందుటయే దాని విశేషము. సామాన్యమైన కారులో మలుపు తిరుగుటకై, రెండు చక్రములు వేర్వేరు వేగములతో తిరుగుటకు వీలుగా డిఫరెన్షియల్ అను పళ్ళచక్రముల అమరిక ఉండును. బురదలో అదే శత్రువగును. ఒక చక్రము జారినచో, గట్టినేలమీద ఉన్న రెండవ చక్రమునకు కూడ జారు చక్రమునకు అందినంత బలమే అందును. కనుక ఒకటి గిరగిర తిరుగును, రెండవది చూచుచు నిలుచును. నాలుగు చక్రములకును బలమిచ్చు బండిలో ఈ లోపము చాలవరకు తీరును, పూర్తిగా తీరదు. 1947లో మన దేశములో జీపుల కూర్పు ఆరంభమైనది. 1952లో సమాజాభివృద్ధి పథకము వచ్చిన తరువాత బ్లాకు అధికారి జీపు పల్లెలకు పరిచితమైనది.

బండి, నేల రెండింటిని కలిపి ఒకే శాస్త్రముగా అధ్యయనము చేసినవాడు పోలండునుండి వచ్చి అమెరికాలో స్థిరపడిన మెచిస్లావ్ బెక్కర్. ఆయన మొదటి పెద్ద గ్రంథము 1956లో వెలువడినది. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రునిమీద నడిపిన బండి రూపకల్పనలో ఆయనకు ముఖ్యమైన పాలున్నది. దాని చక్రములు గాలి లేనివి, తీగెలతో అల్లినవి, మెత్తని ధూళిమీద వెడల్పుగా అణగునవి.

దిగబడినపుడు చేయవలసినది

ఈ చరిత్రయంతయు తెలిసినవానికి కొల్లేటి గట్టుమీద ఏమి చేయవలెనో తోచును. మొదటిది యాక్సిలరేటరునుండి కాలు తీయుట. పిసికినకొలది బంకమట్టి బలము కోల్పోవును. గోడకు పూయుటకై మట్టిని త్రొక్కి మెత్తచేయువారికి ఇది తెలిసిన సంగతియే. జారు చక్రము చేయునదియు అదే పని. రెండవది, మనుష్యులను, సామానును దించుట. 400 కిలోగ్రాములు తగ్గినను చక్రమునకు 100 తగ్గినట్లే. మూడవది, చక్రముల ముందు బురదను పారతో తీసి ఏటవాలుగా దారి చేయుట. నాలుగవది, టైరులలో గాలి తగ్గించుట. కాని లెక్క మరువరాదు. ఒత్తిడి 1కి దిగినను నేల మోయగలది 0.6 మాత్రమే. ఎడారిలో చాలునది కొల్లేటిలో చాలదు. ఇక్కడ పలకలు కావలెను. 30 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవు గల పలక వైశాల్యము 3600 చదరపు సెంటీమీటర్లు. దానిమీద 400 కిలోగ్రాములు సమముగా పంచబడినచో ఒత్తిడి 0.11 మాత్రమే. ఇంగ్లండులోని సోమర్సెట్ చిత్తడిలో క్రీస్తుపూర్వము 3807 ప్రాంతమున వేసిన చెక్కబాట బయటపడినది. ఈ ఉపాయమునకు దాదాపు ఆరువేల యేండ్ల వయసున్నదన్నమాట.

పలకలు లేనిచోట పల్లెవారు వరిగడ్డి, తాటాకు మట్టలు తెచ్చి వేయుదురు. అది నాటు ఉపాయమని నవ్వరాదు. మట్టి అణచుటను ఓర్చును గాని లాగుటను ఓర్వలేదు. గడ్డిపోచలు ఆ లాగుడును ఓర్చుకొని మట్టిని కట్టి ఉంచును. 1960లలో ఫ్రెంచి ఇంజనీరు ఆంరీ విదాల్ ఉక్కుపట్టీలతో మట్టికట్టలను బలపరచు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినాడు. దాని సూత్రమును ఇదే.

జాకీ వేయునపుడు ఎక్కువ జాగ్రత్త కావలెను. జాకీ పాదము 100 చదరపు సెంటీమీటర్లయినచో 400 కిలోగ్రాముల బరువుతో ఒత్తిడి 4 అగును. బండి లేచుటకు బదులు జాకీ దిగును. లేదా ప్రక్కకు ఒరగును. దానిక్రింద వెడల్పైన పలక ఉంచవలెను. జాకీమీద మాత్రమే నిలిచిన బండిక్రిందికి ఎవరును దూరరాదు. మోకు కట్టి లాగునపుడు సాగిన మోకులో, వంచిన వింటిలోవలె, శక్తి నిలువయుండును. తెగినచో అది కొరడావలె కొట్టును. పిల్లలు ఆ దరిదాపులకు పోరాదు. గట్టినేల చేరిన తరువాత టైర్లలో మరల గాలి నింపవలెను. మెత్తని టైరుతో వేగముగా పోయినచో అది వేడెక్కి పగులును. పంపు లేనివాడు గాలి తీయరాదు.

బండి రానపుడు దానిని విడిచి చీకటిలో నీటివెంట నడచుటకంటె, తెల్లవారువరకు అక్కడనే ఉండుట మేలు. ఎక్కడికి పోవుచున్నారో, ఎప్పుడు తిరిగి వత్తురో ముందుగా ఒకరికి చెప్పి బయలుదేరిన బృందమును వెదకువారుందురు. త్రాగునీరు, పార, పలకలు, మోకు, దీపము, పంపు గుడారముతోపాటు బండిలో ఉండవలెను.

నీటిని దాటరాదు

బురద బండిని ఆపును. పారునీరు ప్రాణమును తీయును. దీనికిని లెక్క ఉన్నది. నాలుగు మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు గల కారు అడుగు వైశాల్యము 6.4 చదరపు మీటర్లు. అడుగుభాగమునకు పైన నీరు 10 సెంటీమీటర్లు ఎక్కినచో 640 లీటర్ల నీరు తొలగింపబడును. ఆర్కిమిడీస్ సూత్రము ప్రకారము బండి 640 కిలోగ్రాముల బరువు కోల్పోవును. 20 సెంటీమీటర్లెక్కినచో 1280. బండి మొత్తము బరువు 1200 అయినచో అది తేలును. అడుగుభాగము నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నచో, మోకాలి లోతునీరే దానిని దోనెగా మార్చుటకు చాలును. ఆ దోనెకు తెడ్డు లేదు. అంతకుముందే టైర్ల పట్టు సడలి, ప్రవాహము బండిని ప్రక్కకు తోసివేయును. నీటిక్రింద రోడ్డు తెగియున్నదో లేదో పైకి కనిపించదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచి కొల్లేటికి చేరినపుడు లంక గ్రామముల దారులు నీట మునిగినవి. అట్టి దినములలో బండి ఎంత బలమైనదైనను వెనుకకు తిప్పుటయే తెలివి.

చక్రము గెలిచినచోట

కొల్లేటి గ్రామములకు రోడ్లు కావలెనన్నది న్యాయమైన కోరిక. ప్రసవవేదన పడు స్త్రీని దోనెలో పడుకోబెట్టి గాలివానలో తీసికొనిపోయిన కాలమును ఎవరును మరల కోరరు. కాని పల్లపు నేలలో రోడ్డు వేయుటకు మట్టికట్ట ఎత్తవలెను. అది నీటి దారికి అడ్డుగోడ కాగలదు. 1970ల తరువాత చేపలచెరువుల గట్లుకూడ తోడైనవి. లారీ నడువగల ప్రతి గట్టును నీటికి ఒక ఆటంకము. 1999లో కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల పట్టికకెక్కినది. 2006లో అభయారణ్యములోని చెరువుల గట్లను ప్రభుత్వము తొలగించినది. నీరు పోవుటకు తగిన వంతెనలు, తూములు లేని రోడ్డు బండికి మేలు చేసి ఊరికి కీడు చేయును. చక్రము, నీరు రెండును పోగల దారిని కట్టుట ఇంజనీరునకు నేటికిని పరీక్షయే.

మెత్తనినేల ఎంతటివారిని విడువదు. 2004 జనవరిలో అంగారకునిమీద దిగిన స్పిరిట్ అను ఆరుచక్రముల బండి 2009లో పైకి గట్టిగా కనిపించు పొరను చీల్చుకొని క్రింది మెత్తని మట్టిలో దిగబడినది. భూమిమీద శాస్త్రజ్ఞులు అట్టి మట్టినే ఒక తొట్టెలో పోసి, అట్టి బండినే అందులో నిలిపి, నెలలకొలది ఉపాయములు వెదకిరి. అది బయటపడలేదు. 2010 మార్చితో దాని సందేశములు ఆగిపోయినవి. అక్కడ వరిగడ్డి తెచ్చువారు లేరు. మోకు పట్టువారు లేరు.

ఆ తొట్టె ప్రయోగమును పాఠశాలలో సులభముగా చేయవచ్చును. ఒక వెడల్పైన తొట్టెలో చెరువుమట్టిని నీటితో కలిపి జానెడు లోతున పోయవలెను. 23 సెంటీమీటర్ల పొడవు, 11 వెడల్పు, 7 మందము గల ఇటుకను మొదట నిలువుగా, తరువాత బల్లపరుపుగా పెట్టి, ప్రతిసారి ఎంత దిగినదో కొలువవలెను. ఇటుక బరువు మారలేదు. ఆనిన మేర 77 చదరపు సెంటీమీటర్లనుండి 253కు పెరిగినది. తరువాత గుప్పెడు గడ్డి పరచి మరల కొలువవలెను. ఆ మూడు కొలతలను ప్రక్కప్రక్కన వ్రాసికొన్న విద్యార్థికి, కొల్లేటి గట్టుమీద బండి దిగబడిన సాయంకాలమున మొదట ఏమి చేయరాదో ఇంకొకరు చెప్పనక్కరలేదు.